ఇనుపరేడుకి రాని విద్య

పద్నాలుగో తూముని ఎత్తి దించే మరకడ్డీ మీద చెయ్యి వెయ్యని రోజు కోటిలింగానికి ముప్పై ఒక్క ఏళ్ళలో లేదు. జ్వరం వస్తే దుప్పటి కప్పుకుని వచ్చాడు. కూతురి పెళ్ళినాడు తలంబ్రాల బియ్యం నెత్తిన ఉండగానే వచ్చి చూసిపోయాడు. ఇప్పుడు ఆ కడ్డీకి మోటారు బిగించి, దాని నెత్తిన పచ్చరంగు ఇనప టోపీ పెట్టి, "ముట్టరాదు" అని రాశారు.

అతను ముట్టలేదు. లాకు గట్టు మీద గొంతుక్కూర్చుని, చుట్ట కాలుస్తూ ఆ టోపీ వంక చూస్తూ ఉన్నాడు. అతను లష్కరు. కాలవ మీద తూములు ఎత్తడం, దించడం, నీటిమట్టం కొలిచి గేజీ పుస్తకంలో రాయడం అతని పని. అంతకుముందు తండ్రి పున్నయ్యదీ ఇదే పని, ఇదే లాకు. పదవీ విరమణకి ఇంకా నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలలూ మిషను పనిచేస్తుంటే ఊరికే చూస్తూ కూర్చోమన్నారు. చూడ్డం అతనికి కొత్త కాదు. ఇంతకాలం నీళ్ళని చూశాడు, అంతే తేడా.

మిషనుకి జలమేధ అని పేరు పెట్టారు. దాని బుర్ర లాకు పక్కన పాత గిడ్డంగిలో, బీరువా అంత ఇనప పెట్టెలో ఉంది. పెట్టె నుదుటి మీద ఒకే ఒక్క నీలం దీపం. దాని ముందు అరవై అడుగుల సిమెంటు తొట్టి. తలకాలవ నుంచి సముద్రం దాకా కాలవ మొత్తం ఆ తొట్టిలో ఉంది, వంపుకి వంపు, తూముకి తూము. తూములు మాత్రం బొటనవేలంత. అసలు కాలవలో నీళ్ళు నాలుగు రోజులు నడిచే దూరం తొట్టిలో నాలుగు సెకన్లు. మిషను ముందు తొట్టిలో నీళ్ళు వదిలి, రాబోయే వారం ఏమవుతుందో చూసుకుని, అప్పుడు అసలు తూముల మోటార్లకి హుకుం ఇస్తుంది.

దాన్ని నడిపే ఇంజనీరు హిమజ. చిన్న వయసు, మర్యాదైన మాట. మొదటిరోజే కోటిలింగం గేజీ పుస్తకాలన్నీ తెప్పించుకుని ఒక్కొక్క పేజీ మిషను అద్దం కింద పెట్టించింది.

"మీ పుస్తకాలు భలే ఉన్నాయండీ కోటిలింగం గారూ. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క కొట్టివేత లేదు."

ఆ మాట అతనికి పొగడ్తలా వినపడలేదు.

"అదేం చేసుద్దమ్మా వాటితో?"

"వెనక్కి వెళ్తుంది. మీరు ఉద్యోగంలో చేరిన రోజు దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఒక్కొక్క రోజే ఈ తొట్టిలో మళ్ళీ నడిపించుకుంటూ వస్తుంది. నిన్నటిది తెలిస్తేనే కదండీ రేపటిది తెలిసేది."

"మడిసి చెప్పింది వినదా?"

"నోటిమాట తీసుకోదు. రాసింది మాత్రం ప్రతి అక్షరం నమ్ముతుంది." చేతిలో పుస్తకం మూసి, "మీ నాన్నగారి పుస్తకాలు కూడా ఉంటే తెస్తారా? ఎంత వెనక్కి వెళ్తే అంత మంచిది," అంది.

అతను తల ఊపాడు. చుట్ట ఆరిపోయిన సంగతి కాసేపటికి గాని తెలియలేదు.

ఎందుకంటే ఆ పుస్తకాల్లో ఒక అబద్ధం ఉంది.

పద్నాలుగో తూము కింది పిల్లకాలవ చిట్టచివర ఇసకపల్లె. వారానికి రెండు రోజులు ఆ ఊరి వంతు. మిగతా ఐదు రోజులూ పద్నాలుగో తూము మూసెయ్యాలని రూలు. ఐదు రోజులు మూస్తే ఆ కింద పదకొండు మైళ్ళ కాలవ అడుగు ఎండి నెర్రెలిస్తుంది. తర్వాత వదిలిన నీళ్ళు ఆ నెర్రెలు తాగేసి, ఇసకపల్లె మడికి తడి చేరేసరికి వంతు కాస్తా అయిపోతుంది. రూలు రాసినవాళ్ళు కాలవ అడుగుకి దాహం ఉంటుందని అనుకోలేదు. పున్నయ్య చూశాడు. తూము మూసేటప్పుడు మరకడ్డీ రెండు చుట్లు మిగల్చడం మొదలుపెట్టాడు. షట్టరు కింద వేలెడు సందు. ఎవరి పొలమూ పారదు, కాలవ అడుగు తడిగా ఉంటుంది. పుస్తకంలో మాత్రం "మూసి ఉంది" అని రాసేవాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తే పై ఊళ్ళవాళ్ళు కర్రలు తీస్తారు, పై అధికారి ఉద్యోగం తీస్తాడు.

కొడుక్కి పని నేర్పేటప్పుడు కూడా ఈ సంగతి విడమర్చి చెప్పలేదు. కొడుకు చెయ్యి తన చేతికింద పెట్టుకుని తూము దించుతూ చివర్లో ఆపి, "రెండు ఉంచు," అన్నాడు. అంతే. కోటిలింగం ముప్పై ఒక్క ఏళ్ళు రెండు ఉంచాడు. మూసి ఉంది అని రాశాడు. కట్టుకున్న భార్యకి చెప్పలేదు. తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే, అందులో ఒకరు పోయి ముప్పై ఒక్క ఏళ్ళయింది.

అలాగే అనుకున్నాడు, తండ్రి ట్రంకుపెట్టె దించేదాకా.

పెట్టెలో పున్నయ్య పుస్తకాలు పదహారు దొరికాయి, ఏడాదికొకటి. వాటి అడుగున, పెట్టె రేకుకి అంటుకుపోయి, ఒక బొమ్మల పుస్తకం. అట్ట మీద "కాలజెట్టీలు, మూడో సంచిక" అని ఉంది. ఎరుపూ నీలమూ రెండే రంగులు. ఎరుపు గీతలో కుదరక పక్కకి జారింది. ప్రతి మనిషి పక్కనా ఇంకో ఎర్రమనిషి నక్కినట్టుంది.

చూడగానే గుర్తొచ్చింది. హైస్కూల్లో డ్రాయింగు చెప్పిన జ్ఞానరత్నం మాస్టారు గీసి, తనే అచ్చేయించి, సైకిలు మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మబోయిన పుస్తకం. ఎవరూ కొనలేదు. బజ్జీల కొట్టువాళ్ళు కొన్నారు, పొట్లాలకి.

గోడకి చేరగిలబడి చదివాడు. రాబోయే కాలంలో ఇనుపరేడు అనే ఇనప రాజు లోకంలోని ఏరులన్నిటినీ కట్టేసి కూర్చుంటాడు. మనుషులు రాసిపెట్టిన పుస్తకాలన్నీ చదివి, ఎవరికి ఎన్ని నీళ్ళో వాడే తీర్పు చెప్తాడు. వాడి మీద యుద్ధానికి ముగ్గురు కాలజెట్టీలు, కాలంలో తిరిగే వస్తాదులు, వేరు వేరు కాలాల నుంచి బయల్దేరతారు. ఒక గొల్లపిల్ల, ఒక గుడ్డివాడు, ఒక ముసలి జెట్టి. వీళ్ళ కత్తులూ బాణాలూ ఇనుపరేడు మీద పనిచెయ్యవు. ఒకచోట పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ఇనుపరేడుకి అన్ని విద్యలూ వచ్చు, ఒక్క అబద్ధం తప్ప. అదే వాడి చావు."

చివరి పేజీ తిప్పి అక్కడే ఆగిపోయాడు.

ఇనుపరేడు లాకు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు బీరువాలా ఉంది. నుదుటి మీద ఒకే ఒక్క నీలం కన్ను. ఎదురుగా ముసలి జెట్టి. బట్టతల, తెల్లమీసం. కుడికాలి మడమ వెనక రాయికి తన్నిపెట్టి, ఎడమ భుజం కిందికి వంచి నిలబడ్డాడు. పద్నాలుగో తూము హ్యాండిలు వెనక్కి తంతుంది. ఆ తన్ను కాచుకోడానికి అలా నిలబడాలి. ఈ లోకంలో ఆ ఒక్క తూము దగ్గర తప్ప మనిషి అలా నిలబడే అవసరం లేదు. జెట్టి చేతిలో ఆయుధం ఒక మరకడ్డీ. దాని మీద రెండంటే రెండు చుట్లు మెరుస్తున్నాయి.

"ముసలివాడా, నీ తూము తెరిచి ఉందా, మూసి ఉందా?" అని ఇనుపరేడు అడుగుతున్నాడు. బొమ్మ అక్కడితో సరి. నాలుగో సంచిక వచ్చినట్టు కోటిలింగానికి గుర్తులేదు.

గోడ మీది అద్దంలో చూసుకున్నాడు. బట్టతల. తెల్లమీసం. ఆ పుస్తకం అచ్చయిననాటికి తనకి మీసకట్టు నల్లగా ఉండేది, లాకు పనిలోకి రాలేదు కూడా.

"ఏందయ్యా అట్టా బిగుసుకుపోయావ్? పెట్టెలో పామేమన్నా ఉందా?" అంది గుమ్మంలోంచి భార్య సీతారావమ్మ.

"బొమ్మల పుస్తకం."

"ఈ వయసులో బొమ్మలా. బానే ఉంది."

"ఎవురు పెట్టారిది ఇందులో?"

"మీ నాయన పెట్టె అది. కాపరానికొచ్చిన కాణ్ణించి దాని అడుగు చూసింది లేదు నేను. ఇప్పుడు అనుమానం నా మీదకొచ్చిందా?"

అతను పుస్తకాన్ని బనీనులో దోపుకున్నాడు. మరుసటిరోజు తండ్రి పుస్తకాలు పదహారూ గిడ్డంగిలో అప్పజెప్పి, నీలం దీపం వంక చూడకుండా బయటికి వచ్చాడు. అవి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడుగుతారు. అడిగితే అతనికి మాటలు రావు.

మిషను మూడు రోజులు వెనక్కి నడిచింది. తొట్టిలో నీళ్ళు జరజరా పారి ఆగి, మళ్ళీ పారాయి. నలభై ఏడేళ్ళ వానలూ ఎండలూ అరవై అడుగుల్లో తిరిగాయి. నాలుగోరోజు పొద్దున తెర మీద అక్షరాలు పడ్డాయి. హిమజ చదివి, ఇంకోసారి చదివి, కోటిలింగాన్ని పిలిచి వినిపించింది.

"ఇసకపల్లె: రాని నీళ్ళకి పండిన పంట. అక్రమ తోడకం. వంతు సగానికి తగ్గింపు. పద్నాలుగో తూము పూర్తి మూత."

"అంటే ఏందమ్మా?"

"మీ పుస్తకాల ప్రకారం తొట్టిలో నడిపిస్తే ఇసకపల్లె ప్రతి ఏడూ ఎండిపోతోందండీ. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో మాత్రం పచ్చగా ఉంది. మరి నీళ్ళెక్కడివి? పుస్తకం తప్పు కాదు, కొట్టివేతలు కూడా లేవు. కాబట్టి వాళ్ళే ఇంజన్లు పెట్టి ఎక్కడో తోడుతున్నారని తేల్చింది."

"ఊరంతా దొంగలేనంటావా తల్లీ?"

"నేననడం లేదు. అది అంటోంది." ఆమె గొంతు తగ్గింది. "తూము అప్పుడే మూసేసిందండీ."

మోటారు మూత మనిషి మూత లాంటిది కాదు. చివరి చుట్టు దాకా బిగించింది.

తూము మూసిన ఐదోరోజుకి ఇసకపల్లె నుంచి ముగ్గురు వచ్చారు. ముందు నడిచింది కోటిలింగం అక్క దేవకమ్మ. నలభై ఏళ్ళ కిందట ఆ ఊరికిచ్చారు. గట్టు మీదకి వస్తూనే పిడికిలి విప్పి అతని ముందు చాచింది. నారు. మొదట్లో పసుపు, కొసల్లో మాడిన రంగు.

"నారుబోసి పన్నెండు రోజులురా తమ్ముడూ. ఇంకో నాలుగు రోజులు తడి లేకపోతే ఈ ఏడు ఊడవటానికి ఊళ్ళో గుప్పెడు నారుండదు. నువ్వు లాకు మీద ఉండగా మాకు దొంగలని పేరా?"

వెనకున్న ఆమె మరిది వీరరాఘవులు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పోలీసులొచ్చారు బావా, ఇంజన్లు వెతకటానికి. గడ్డివాముల్లో గునపాలు పొడిచి చూశారు. మా వాములోంచి పొదిగే కోడి ఒకటి బైటికొచ్చింది. దాన్ని పంచనామా రాసుకుంటారేమో అనుకున్నా."

ఎవరూ నవ్వలేదు. మూడో మనిషి కోటిలింగాన్నే చూస్తున్నాడు. చివరికి అన్నాడు: "ఆ మిషనుకి ఎక్కించింది నీ పుస్తకాలేనంటగా. ఏం రాశావయ్యా అందులో?"

దేవకమ్మ గిర్రున తిరిగింది. "మా వాడు మా మీద రాసుంటాడా?" అంది. అని, తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ చూపులో అప్పటిదాకా లేనిది ఏదో వచ్చి కూర్చుంది. "రాశావా ఏందిరా?"

"చూస్తాలే అక్కా," అన్నాడు కోటిలింగం. 

ఆ మధ్యాహ్నం బస్సుకే చీరాలకి పోయాడు. జ్ఞానరత్నం మాస్టారు చర్చి వెనక వీధిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎనభై మూడేళ్ళు. శుక్లాలు తీయించుకున్న కళ్ళకి నల్లద్దాలు. పుస్తకం చేతికిస్తే ముందు వాసన చూశాడు.

"ఇదింకా బతికుందా? నా దగ్గర కూడా లేదు."

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతా. ఇందులో ఉంది ఎవురు?"

"నువ్వేమనుకుంటున్నావు?"

కోటిలింగం చివరి పేజీ తీసి జెట్టి మీద వేలు పెట్టాడు. దారి పొడుగునా మనసులో నలిపిన మాట బయటికి తీస్తే పిచ్చిదానిలా ఉంటుందని తెలుసు. "ఇది నేను. ఇప్పటి నేను. ఆ ఇనప పెట్టె మా లాకు మీదకొచ్చింది. నీలం దీపం కూడా ఉంది. మీకు ఎట్టా తెలిసింది? ముందు కాలం నించి ఎవురన్నా వచ్చి చెప్పారా?"

మాస్టారు పొట్ట కదిలేలా నవ్వాడు. దగ్గొచ్చింది. "ప్రెస్సులో ఎర్రసిరా అడుగంటింది అబ్బాయ్. నీలం మిగిలింది. అందుకని కంటికి నీలం వేశాం. ఇక బీరువా ఎందుకంటావా, నాకు ఇనప మనిషిని గియ్యటం రాలేదు. మా స్కూల్లో బీరువా ఉంటే దాన్ని చూసి గీశా."

"మరి జెట్టి?"

"మీ నాయన. కాలంలో తిరిగేవాడు కుర్రాడిగా ఉంటే ఏం బాగుంటుందని ముసలాణ్ణి చేశా. ఆయన ముసలాడు కాకుండానే పోయాడు. నువ్వయ్యావు, అంతే."

"రెండు చుట్ల సంగతి ఆయనే చెప్పాడా?"

"పున్నయ్య చెప్పే మనిషా? లాకు గట్టు మీద కూర్చుని ఆర్నెల్లు ఆయన్ని గీశా. తూము మూసిన ప్రతిసారీ చెయ్యి ఒక్కచోటే ఆగేది. ఆ పైన రెండు చుట్లకి గ్రీజు అంటేది కాదు, ఎండలో మెరిసేవి. గీసేవాడికి అట్టాంటివి కనపడతయ్."

కోటిలింగం కింద చాప మీద కూర్చుండిపోయాడు.

"నాలుగో సంచిక గీశారా?"

"మొత్తం గీశా. ఇనుపరేడు అడుగుతాడు కదా, తెరిచి ఉందా మూసి ఉందా అని. జెట్టి మూసి ఉందంటాడు. వాడు నమ్ముతాడు. తెరిచిన తూములోంచి నీళ్ళొచ్చి వాడి కాళ్ళు తుప్పు పట్టి కూలిపోతాడు. అచ్చుకి బ్లాకులు చేయించబోతుంటే మీ నాయన సైకిలేసుకుని వచ్చాడు. మూడోది చదివాడంట. 'మాస్టారూ, మీ పుస్తకం ఎవురూ చదవట్లేదు, నిజమే. చదివేవాడు ఒక్కడుంటే చాలు నా అన్నం పోవటానికి' అన్నాడు. ఆ సాయంత్రమే పేజీలు పొయ్యిలో పెట్టా. ఐదొందల కాపీలేస్తే నికరంగా చదివింది ఆయనొక్కడే అబ్బాయ్. ఆ ఒక్కడూ వద్దన్నాక ఎవరికోసం గియ్యను?" వేళ్ళతో అట్ట తడుముతూ, "తర్వాత ఇంక బొమ్మ పట్టలా," అన్నాడు.

 పక్కింట్లో మగ్గం టకటకలాడుతోంది.

"మీ కథలో అబద్ధం వల్ల ఇనుపరేడు చచ్చాడు మాస్టారూ," అన్నాడు కోటిలింగం. "మా దగ్గర అదే అబద్ధం వల్ల ఊరు చస్తంది."

ముసలాయన నల్లద్దాలు తీసి అతని వైపు చూశాడు. "అయితే నా ముగింపు తప్పు. ఇంకోటి ఏదన్నా ఉంటే నువ్వే చూడాలి."

మర్నాడు పొద్దున్నే కోటిలింగం ఉతికిన చొక్కా తొడుక్కుని గిడ్డంగికి పోయాడు. సంగతి మొత్తం హిమజకి చెప్పాడు. అతని జీవితంలో ఒక్కసారిగా అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక మెల్లిగా అంది:

"నోటితో చెప్తే దానికి చేరదండీ. రాసివ్వాలి. రాస్తే నేను పైకి పంపక తప్పదు. ఇంకో నాలుగు నెలలైతే మీరు గౌరవంగా దిగిపోతారు. ఒక్కసారి ఆలోచించుకోండి."

"నారు నాలుగు నెలలు ఆగదమ్మా."

గేజీ పుస్తకంలో రాసే చేతిరాతతోనే రాశాడు. కాగితం అద్దం కింద పెట్టారు. తెర మీద ప్రశ్న వచ్చింది: ఏ ఏ తేదీలు? "ప్రతి రోజూ" అని రాశాడు. ఎన్ని చుట్లు? "రెండు. మా నాయన కాణ్ణించి." హిమజ పేజీ పట్టుకుని తటపటాయించింది.

"నాన్నగారి పేరు తీసేద్దామా?"

"ఆయన లేకపోతే మీ తొట్టిలో నీళ్ళు కలవవుగదమ్మా."

తొట్టి మీదకి వంగి, బొటనవేలంత పద్నాలుగో తూముని వేళ్ళతో పట్టుకున్నాడు. కుడికాలి మడమ తనంతట తనే వెనక గోడకి ఆనుకుంది. అంత చిన్న మరకి ఆ నిలబాటు అక్కర్లేదని తెలిసి కూడా అలాగే నిలబడి, రెండు చుట్లు వెనక్కి తిప్పాడు. నీళ్ళు కదిలాయి. సన్నని తడి గీత ఇసకపల్లె దాకా పాకింది. నలభై ఏడేళ్ళు మళ్ళీ మొదటినుంచి పారి వచ్చాయి. మధ్యాహ్నం అన్నం వేళకి ఇద్దరూ తిండి మర్చిపోయి చూస్తుండగా తెర మీద పడింది: తేడా లేదు.

ఆ కింద ఇంకో ప్రశ్న వచ్చింది. అలాంటిది అది అడగడం హిమజ కూడా ఎన్నడూ చూడలేదు.

తెరిచి ఉంచి, మూసి ఉంది అని రాయడం దేనికి?

కోటిలింగం కలం పట్టుకుని ఆలోచించాడు. అడిగిందానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని వచ్చినవాడు, ఈ ఒక్కటీ దాచడం దేనికనుకున్నాడు. "తెరిచి ఉందని రాస్తే పైవాళ్ళు మూయిస్తారు కాబట్టి. మూస్తే చివరి ఊరు ఎండిపోద్ది కాబట్టి," అని రాశాడు.

నీలం దీపం మామూలుగానే వెలుగుతోంది. ఇక ఏమీ అడగలేదు.

ఇసకపల్లె మీద దొంగముద్ర ఆ సాయంత్రమే చెరిగిపోయింది. సగం చేసిన వంతు మళ్ళీ రెండు రోజులయింది. మూడోరోజు కోటిలింగానికి సస్పెన్షన్ కాగితం వచ్చింది, విచారణ తేలేదాకా పెన్షన్ కూడా ఆపుతామని. పై ఊళ్ళవాళ్ళు వచ్చి లాకు దగ్గర కేకలు వేశారు, తండ్రీ కొడుకులు రెండు తరాలుగా మా నీళ్ళు దోచిపెట్టారని. పద్నాలుగో తూము రెండు చుట్లు తెరిచి ఉంచటానికి అనుమతి ఇవ్వమని హిమజ రాసింది. రూలు మారేదాకా వంతు కాని రోజుల్లో పూర్తిగా మూసే ఉంచాలని పైనుంచి జవాబు వచ్చింది.

"పోయింది పోయింది. తిన్నగా తిను," అని కంచంలో అన్నం మారు వడ్డించింది సీతారావమ్మ. గిన్నె కింద పెట్టి, "ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకు చెప్పలా నువ్వు," అంది. అది మాత్రం ఆమెకి పోలేదు.

వారం గడిచింది. ఇసకపల్లెకి వంతు కాని రోజు. పొద్దున్నే వాకిట్లో దేవకమ్మ గొంతు వినపడింది. కాళ్ళు పిక్కల దాకా బురద. చేతిలో పిడికెడు నారు, ఈసారి పచ్చగా.

"తేరుకుందిరా తమ్ముడూ. కాలవ అడుగు తడారలా, అందుకే. మా ఊళ్ళో నీ పేరు చెప్పుకుంటన్నారు."

"తడారలేదా?" అన్నాడు కోటిలింగం. "నిన్న?"

"నిన్నా, మొన్నా, ఈ రోజూ."

అతను కండువా వేసుకుని లాకుకి నడిచాడు. ఇప్పుడక్కడ అతను ఏమీ కాడు. దారినపోయే మనిషి. గట్టు మీద నిలబడి పచ్చ టోపీ కింద కనపడుతున్న మరకడ్డీ వంక చూశాడు. మోటారువాళ్ళు కొత్తగా గ్రీజు పూశారు. గ్రీజు అంటని చుట్లు రెండు ఎండలో మెరుస్తున్నాయి. కిందికి వంగి చూశాడు. షట్టరు కింద వేలెడు సందు. నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి.

గిడ్డంగి తలుపు తీసే ఉంది. హిమజ టీ తాగుతోంది, మొహం తేటగా ఉంది.

"రండి కోటిలింగం గారూ. మీ ధర్మమా అని అంతా కుదిరింది. పై నుంచి కంప్లైంటు లేదు, కింద నుంచి కంప్లైంటు లేదు."

"పద్నాలుగోది ఎట్టా ఉందమ్మా?"

ఆమె తెర వైపు తిరిగింది. "మూసే ఉందండీ. ఈ రోజు మీ అక్కగారి ఊరి వంతు కాదుగా." వేలితో చూపించింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేకుండా: తూము 14, మూసి ఉంది.

కోటిలింగం ఆ అక్షరాలు చదివాడు. తర్వాత తల ఎత్తి నీలం దీపం వంక, మొదటిసారి, కళ్ళు తిప్పుకోకుండా చూశాడు. అది కూడా చూస్తున్నట్టే ఉంది.

తెర మీద మిగతా తూములు వరసగా ఉన్నాయి. ఒకటో తూము నుంచి నలభై రెండో తూము దాకా. కొన్నిటి ఎదురుగా మూసి ఉంది, కొన్నిటి ఎదురుగా తెరిచి ఉంది. ఇందాకటిదాకా అవి ఒట్టి అక్షరాలు. ఇప్పుడు అందులో ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. పోయి చూసే లష్కర్లు లేరు, అందరినీ ఇళ్ళకి పంపేశారు.

"ఏమన్నా చెప్పాలా?" అంది హిమజ.

చెప్తే ఈ క్షణం తూము మూస్తారు. అక్క పిడికిట్లో పచ్చటి నారు గుర్తొచ్చింది. చెప్పకపోతే ఇనుపరేడుకి రాని ఒక్క విద్యా వచ్చేసినట్టే. నేర్పింది ఎవరో కాదు, తనే, స్వదస్తూరీతో.

"ఏం లేదమ్మా. ఊరికే," అన్నాడు.

బయటికి వచ్చి, ఇంటి వైపు కాకుండా బస్సులాగే చోటికి నడిచాడు. వారం కిందట చీరాల నుంచి కబురొచ్చింది, సంగతంతా విన్న మాస్టారు మళ్ళీ కలం పట్టాడని, నాలుగో సంచిక గీస్తున్నాడని. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మాస్టారికి ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కోనక్కర్లేదు. ఒకప్పుడు సైకిలు మీద వెళ్ళి తన తండ్రి చెప్పిన మాటే. చదివేవాడు ఒక్కడుంటే చాలు, తూము మూసెయ్యటానికి.

గియ్యొద్దని చెప్పాలి.